ఎడారికి గొడుగు పట్టిన రోజు

ఆ రోజుల్లో నాకు మనుషులంటే మహా ఆశ. ఇప్పుడు ఇంటికి ఎవరైనా వస్తున్నామని ఫోను చేస్తే, వీళ్ళు ఎప్పుడు వెళ్తారో అని లోపల లెక్కలు వేసుకునే నేనే, ఒకప్పుడు రోడ్డు మీద పోయే లారీ కాస్త నిదానిస్తే చాలు, గేటు దాకా పరుగెత్తుకెళ్ళి నమస్కారం పెట్టేదాన్నంటే మా ఇంట్లో పిల్లలు నమ్మరు. (గతుకులు చూసి నిదానించిన లారీలవి. ఆ సంగతి నాకు చాలా రోజుల దాకా తట్టలేదు.) ఒంటరితనమంటే కిటికీ దగ్గర కూర్చుని నిట్టూర్చడమని చాలామంది అనుకుంటారు. నాది అలాంటిది కాదు. తలకు టోపీ, మెడలో గైడు బిళ్ళ, చేతిలో సన్నటి కర్ర పట్టుకుని, ఒక్క మనిషి కూడా లేని దారిలో వెనక్కి నడుస్తూ, "ఇటు రండి, మెల్లగా, ఆ ముల్లు గీసుకుంటుంది" అని గాలికి జాగ్రత్తలు చెప్పే ఒంటరితనం నాది.

తిరుపతిలో వృక్షశాస్త్రం చదువు ముగించి, ఇక పలమనేరు వెళ్ళి మా నాయనతో పాటు టమోటా మండీలో కూర్చోవాలేమోనని దిగులు పడుతున్నప్పుడు ఆ ఉద్యోగం దొరికింది. ఇచ్చినాయన్ని అందరూ కంకర సారు అనేవాళ్ళు. ఆయనకు కంకర మిల్లు ఉండేది. గొంతు కూడా ఆ మిల్లులో ఆడించినట్టే ఉండేది. ఆయన ఎప్పుడో విదేశీ యాత్రకు వెళ్ళి, అక్కడ ఒక తోటలో రెండు గాజు ఇళ్ళు చూసి వచ్చాడు. ఒకదాంట్లో ఎడారి, ఇంకోదాంట్లో నిత్యం వాన కురిసే అడవి. అప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. రేణిగుంట దాటి శ్రీకాళహస్తికి పోయే దారిలో కొంత మెట్టభూమి కొని, అలాంటివే రెండు లేపుతానని పట్టుబట్టాడు. గాజుకు డబ్బు చాలక ఇనుప పైపులు వంచి వాటి మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పించాడు. దూరం నుంచి చూస్తే రెండు పెద్ద కోళ్ళఫారాలు ఎదురెదురుగా కూర్చుని అలిగినట్టుండేవి.

నన్ను ఇంటర్వ్యూ చేసింది కూడా అక్కడే, ఇసుక కుప్ప పక్కన నిలబెట్టి.

"ఎడారంటే ముందుగాల నాగజెముడు పెట్టల్ల కదమ్మా. సినిమాల్లో గుర్రాలు పోతాయి సూడు, ఆ మాదిరి పెద్దవి."

"సార్, నాగజెముడు మన దేశానిది కాదు. అమెరికా పక్క నుంచి వచ్చిండాది."

"అమెరికానా?" ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "మా తాత చేనిగట్టు మీద ఉండేది కదమ్మా అది. అమెరికావోళ్ళు వచ్చి నాటిపోయినారా?"

"ఎవురో ఒకరు పాతకాలంలో తెచ్చినారు సార్. పెరిగి పెరిగి మనదే అయిపోయింది."

"సరే. మన ఎడారిలో సొంతంగా పుట్టిందేముండాది?"

"జమ్మి చెట్టు సార్. రాజస్థాన్ ఎడారిలో దానికంటే పెద్ద దిక్కు లేదు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత నిట్టూర్చి, "దసరాకు మా వీధి కొసన ఊరికే మొక్కే చెట్టుకు టిక్కెట్టు పెట్టమంటావు," అన్నాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన మాత్రం, "నువ్వు అబద్ధం చెప్పవు. అది గైడు పనికి మంచిది కాదు. అయినా నేర్చుకుంటావులే," అని నన్ను తీసుకున్నాడు.

పేర్ల దగ్గర ఇంకో గొడవ. వానలు కురిసే అడవికి 'వర్షారణ్యం' అని పెడదామన్నాను. "ఆ పేరు పలకాలంటే మా డ్రైవరుకు పళ్ళు ఊడతాయి," అని ఆయన 'వానకాడు' అని ఖాయం చేశాడు. కాడు అంటే అరవంలో అడవే, ఆయనది అరవదేశం అంచున ఉన్న పల్లె. కానీ మా తెలుగువాళ్ళ చెవికి అది ఎలా వినబడుతుందో ఆయనకు తోచలేదు, నాకూ తోచలేదు. గేటు మీద బోర్డు లేచిన వారానికి రేణిగుంటలో ఆటోవాళ్ళు నన్ను చూసి, "వల్లకాటి మేడమా, ఎక్కండి," అనడం మొదలుపెట్టారు. దింపేటప్పుడు చేతులు జోడించినవాళ్ళు కూడా ఉన్నారు. మా అమ్మకు ఎవరో చెప్పారట, "మీ పాపకు యాడనో వల్లకాట్లో ఉద్యోగమంట కదక్కా" అని. ఆ రాత్రి మా ఇంట్లో అన్నాలు తినలేదు.

మొక్కలు మాత్రం నేను మనసు పెట్టి తెప్పించాను. ప్రతిదీ మన దేశంలో పుట్టిందే కావాలి, తన వాతావరణంలోనే ఉండాలి అన్నది నా పట్టు. ఎడారింట్లో ఇసుక, రాళ్ళు, వాటి మధ్య జమ్మి, ఆకులే లేకుండా పుల్లలతో కాలం గడిపేసే కరీరం, గీస్తే బంక కారే మహిసాక్షి, మన బొమ్మజెముడు. వానకాట్లో పడమటి కనుమల నుంచి వచ్చిన చెట్టంత ఫెర్న్, పేము తీగలు, అడవి మిరియాలు, ఈశాన్యం నుంచి వచ్చిన, ఈగల్ని పట్టి తినే కూజా మొక్క. పైన సన్నటి గొట్టాల్లోంచి మోటారు పొగమంచులా నీళ్ళు చిమ్మేది. ఈ రెండిళ్ళకూ మధ్య ఉన్న దారి పొడవునా మన శేషాచలం మొక్కలు పెట్టించాను. ఎర్రచందనం, మొగి నేరేడు, తెల్ల కరక, ఈ కొండల్లో తప్ప వేరెక్కడా తనంతట తాను పుట్టని పేరీత. అటు ఎడారీ కాదు, ఇటు వానకాడూ కాదు. ఎండల్లో ఆకులు రాల్చేసి ఓపిక పట్టి, వాన పడ్డ నాడు ఒక్కసారిగా తాగి చిగుళ్ళు వేసే జాతి. కంకర సారు వాటిని కన్నెత్తి చూడలేదు. "కొండ మీద ఊరికే ఉండాయి కదమ్మా ఇవి," అనేవాడు.

అంతా సిద్ధమైంది. రావలసింది మనుషులే. రాలేదు.

తోట వెనకాల రేకుల గదిలో నా కాపురం. ఫోను అందాలంటే కంకర సారు మిగిల్చిపోయిన రాళ్ళగుట్ట ఎక్కాలి. సాయంత్రం దాని మీద ఒంటికాలి కొంగలా నిలబడి నాయనతో మాట్లాడేదాన్ని.

"జనాలు వస్తా ఉండారా మ్మా?"

"వస్తా ఉండారు నాయనా."

"బాగా వస్తా ఉండారా?"

"బస్సుల్లో పోతా ఉండారు నాయనా." (అబద్ధం కాదు. రోడ్డు మీద బస్సుల్లో పోతూనే ఉన్నారు.)

పనికి ఒకావిడ వచ్చేది, పుత్తూరు దగ్గరి మనిషి. పొద్దున రైల్లో దిగి నడుచుకుంటూ వచ్చి, మోటారు వేసి, కలుపు తీసి, సాయంత్రం రైలుకు వెళ్ళిపోయేది. నేను ఆమెకు పెట్టుకున్న పేరు ఊఁ అక్క. ఏం చెప్పినా, ఏం అడిగినా ఆమె నోట్లోంచి వచ్చేది అదొక్కటే. "అక్కా, తిన్నావా?" "ఊఁ." "అక్కా, ఎండలు మండిపోతా ఉండాయి కదా?" "ఊఁ." "అక్కా, మీ పిల్లోళ్ళు ఏం చదువుతా ఉండారు?" "ఊఁ." చివరికి నాకు ఆ ఊఁల్లో తేడాలు తెలిసి వచ్చాయి. పొట్టిది అవునని, సాగదీసింది కాదని, ముక్కుతో అన్నది నన్ను వదిలెయ్యమని. రోజంతా నాకు దొరికే సంభాషణ అంతే. కాబట్టి మిగతా మాటలన్నీ మొక్కలకే చెప్పేదాన్ని. కంకర సారు గైడు మాటలు అభ్యాసం చెయ్యమన్నాడు కదా అని మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు ఎడారింట్లో గొంతు పెంచి, వానకాట్లో గొంతు తగ్గించి, మధ్యలో హాస్యం వేసి, ఆ హాస్యానికి నేనే నవ్వి, జనం నవ్వడానికి వ్యవధి ఇచ్చి మరీ చెప్పేదాన్ని.

ఎడారి మొక్కలకు ఒక పద్ధతి ఉంది. నీళ్ళు తక్కువ కాబట్టి ఒకదానికొకటి దూరదూరంగా నిలబడతాయి. ఎవరి వేర్లు వాళ్ళవి, ఎవరి జాగా వాళ్ళది. వానకాట్లో అలా కాదు, బెత్తెడు చోటుంటే చాలు. ఒకటి ఇంకొకదాని మెడకెక్కుతుంది, దాని భుజం మీద మూడోది పూస్తుంది. నేను మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని ఎప్పుడూ వానకాట్లోనే కూర్చునేదాన్ని. చల్లగా ఉంటుందని ఊఁ అక్కకు చెప్పేదాన్ని. నిజానికి ఆ గుంపు చూస్తూ తింటే పెళ్ళి పంక్తిలో కూర్చున్నట్టుండేది.

ఒకసారి నిజంగానే కారు ఆగింది. తెల్ల కారు, నిండా మనుషులు. టోపీ పెట్టుకుని పరుగెత్తి, ఊపిరి తీసుకోకుండా, "ఎడారి నుంచి వానకాడు దాకా మీకు స్వాగతం," అన్నాను. ముందు సీట్లో పెద్దాయన అద్దం దించి, "ఈడ బాత్రూము ఉండాదా పాపా?" అన్నాడు. ఉందని చూపించాను. అందరూ వరసగా వెళ్ళొచ్చారు. వాళ్ళు వరసలో నిలబడ్డంత సేపూ నేను పక్కనే ఉన్న పేరీత గురించి చెప్పాను. చాలా ఓపిగ్గా విన్నారు. (వరసలో నిలబడ్డవాళ్ళు ఎక్కడికి పోతారు?) వెళ్ళేటప్పుడు ఒక చిన్నపిల్ల నాకు చాక్లెట్ ఇచ్చింది. ఆ కాగితం చాలా రోజులు గదిలో మేకుకు గుచ్చి పెట్టుకున్నాను.

వానాకాలం దగ్గర పడగా కంకర సారు వచ్చి ఎడారింటి ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ముఖంలో కళ లేదు. "పొంగలి పండగ దాకా సూస్తా పాపా. అప్పుటికీ జనం రాకపోతే ఈడ కల్యాణ మండపం కట్టేస్తా. మా ఇంట్లోవోళ్ళు నన్ను పిచ్చోణ్ణి మాదిరి సూస్తా ఉండారు," అన్నాడు. వెళ్ళేముందు ఒక ఆశ కూడా చెప్పాడు. యాత్రికుల బస్సులు తిప్పే ఒకాయనతో మాట్లాడాడట. ఆయన ఒకసారి బస్సుతో వచ్చి చూస్తాడు, నచ్చితే శ్రీకాళహస్తి నుంచి తిరుపతి పోయే ప్రతి బస్సునూ ఇక్కడ ఆపుతాడు. ఆ బస్సాయనకు మైకన్న అని పేరు. బస్సులో మైకులో మాట్లాడీ మాట్లాడీ, దిగాక కూడా నోటి ముందు పిడికిలి పెట్టుకునే మాట్లాడతాడని. ఆ మాట విన్నప్పటి నుంచి నా అభ్యాసం రెట్టింపయింది. ఊఁ అక్క ముక్కుతో ఊఁ అనడం కూడా రెట్టింపయింది.

కార్తీకమాసంలో వాయుగుండం పట్టుకుంది. మా పక్క వాన రాదు రాదు అంటూనే వచ్చినప్పుడు ఇల్లు ఖాళీ చేయిస్తుంది. మొదటి రోజు నేను చిన్నపిల్లలా సంతోషపడ్డాను. మరునాడు గాలి లేచింది. ఎడారింటి మీద పట్టా ఒక మూల నుంచి చిరుగుతూ చిరుగుతూ, చివరికి మొత్తం లేచి, పొలాల మీదుగా పెద్ద తెల్లకొంగలా ఎగిరిపోయింది. దాని వెనకాల నేను కొంత దూరం పరుగెత్తాను కూడా. (పట్టుకుంటే నన్ను కూడా తీసుకుపోయేదని తర్వాత తట్టింది.) వెనక్కి వచ్చేసరికి నా రాజస్థాన్ చెరువైపోయింది. మహిసాక్షి మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. కరీరం మొదట్లో కప్పలు చేరి గొంతు సవరించుకుంటున్నాయి.

వానకాటి సంగతి ఇంకా విచిత్రం. కరెంటు పోయింది. మోటారు ఆగింది. పైన పట్టా మాత్రం చెక్కుచెదరలేదు, చుక్క నీరు లోపలికి రాదు. బయట ఆకాశం చిల్లుపడినట్టు కురుస్తుంటే, లోపల నా వానకాడు ఎండిపోతోంది. ఫెర్నులు తలలు వాల్చేశాయి. కూజా మొక్క మూతి ముడుచుకుంది. ఫోను గుట్ట ఎక్కితే ఫోనూ లేదు.

నాకున్న గొడుగు తీసుకెళ్ళి మహిసాక్షికి పట్టాను. ఒక్క గొడుగు, ఎన్నో మొక్కలు. కాసేపు దీనికి, కాసేపు దానికి. అలా అటూ ఇటూ తిరుగుతూ ఏడ్చేశాను. ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను. చూస్తే గేటు దగ్గర ఊఁ అక్క. రైళ్ళు ఆగిపోతే పుత్తూరు పక్క నుంచి ఎలా వచ్చిందో, తల మీద ఎరువు సంచి ముసుగేసుకుని నిలబడి ఉంది. నన్ను చూసింది, ఎడారిని చూసింది, వానకాటిని చూసింది. నాకు ఏడుపులోనే ఒక ఆలోచన మెరిసింది.

"అక్కా, ఆ పట్టా ఊడదీసి ఈడ కప్పితే?"

"ఊఁ," అంది. పొట్టిదే.

ఇద్దరం నిచ్చెన వేసుకుని వానకాటి మీది పట్టా తాళ్ళు విప్పడం మొదలుపెట్టాం. నీడ కోసం వేసిన ఆకుపచ్చ వల ఉంచేసి పట్టా మాత్రం దించాం. దించేవరకు బాగానే ఉంది. దించాక అది మా మాట వినలేదు. ఒక పక్క పట్టుకుంటే ఇంకో పక్క లేచి మమ్మల్ని చుట్టేసింది. నేను దాని లోపల చిక్కుకుని ఎటు తోవో తెలియక తడుముకుంటుంటే బయట ఏదో హారన్ వినబడింది. ఆ తర్వాత ఒక గొంతు, పట్టా మీద నుంచే, స్పష్టంగా, "నమస్కారం అండీ. ఎవురైనా ఉండారా లోపల?"

మైకన్న. ముందున్న వాగు రోడ్డు మీదికి పొర్లి బస్సులన్నీ ఆగిపోయాయట. ఎక్కడ తలదాచుకోవాలా అని చూస్తుంటే మా బోర్డు కనబడిందట. "బస్సులో సగం మంది ఆ పేరు సూసి దిగనే దిగమన్నారమ్మా. నేనే నచ్చజెప్పినా, వల్లకాడు గాదు వానకాడు అని," అన్నాడు, నోటి ముందు పిడికిలి పెట్టుకునే. అతని వెనక బస్సు నిండా జనం. కుప్పం పక్క నుంచి వచ్చిన ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. నేను పట్టాలోంచి తల బయటికి పెట్టి, తడిసి ముద్దయి, జుట్టంతా మొహానికి అంటుకుని, ఇన్ని నెలలుగా సిద్ధం చేసుకున్న ఆ స్వాగత వాక్యం కోసం వెతుక్కున్నాను. ఒక్క ముక్క గుర్తు రాలేదు. నోటికొచ్చింది ఇది: "అన్నా, రవ్వంత ఆ కొస పట్టుకుంటారా?"

పట్టుకున్నారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, పంచెలు ఎగగట్టిన మగవాళ్ళు, కొంగులు దోపుకున్న ఆడవాళ్ళు. "లాగండప్పా, లాగండి! కుడిపక్క వదలండి! ఓ ముసలాయనా, నువ్వు పక్కకు రా సామీ!" అని మైకన్న కేకలు. బస్సు డ్రైవరు పైపుల మీదికెక్కి తాళ్ళు బిగించాడు. ఊఁ అక్క అతనికి కింద నుంచి రాళ్ళు అందించింది. కాసేపట్లో ఎడారికి మళ్ళీ కప్పు పడింది. వానకాటి మీద నిజమైన వాన పడింది. రెండు ఇళ్ళూ తమ తమ పేర్లకు తగ్గట్టు అయ్యేసరికి అందరూ ఎందుకో చప్పట్లు కొట్టారు.

తర్వాత జరిగింది నేను ఊహించనిది. తోట మొత్తం మీద తలకు తడి తగలని పెద్ద చోటు ఎడారి ఒక్కటే కాబట్టి జనమంతా అందులోకి వచ్చేశారు. నీళ్ళు తోడేసి, ఇసుక గట్టు మీద గోనెలు పరిచారు. ఒక అవ్వ నన్ను అడక్కుండానే తడిచీర తీసుకెళ్ళి జమ్మి కొమ్మ మీద ఆరేసింది. ఆమెను చూసి ఇంకో ఆమె కరీరం మీద జాకెట్టు, వేరొకాయన బొమ్మజెముడు మీద తువ్వాలు. (అది తిరిగి తీసుకునేటప్పుడు ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను.) పులిహోర పొట్లాలు విప్పారు. ఎవరో నా చేతిలో ఆకు పెట్టారు. ఇంకెవరో ఊరగాయ వేశారు. ఇదే సమయమని నేను గొంతు సవరించుకుని జమ్మి పక్కన నిలబడ్డాను.

"ఈ చెట్టు వేర్లు భూమిలోకి చాలా లోతుకు పోతాయి. వానే లేని చోట..."

"సుగరుకు మంచిదేనా మ్మా ఇది?" అన్నాడొకాయన.

"సుగరుకేమో నాకు తెల్దు సార్. ఎడారిలో మేకలు, ఒంటెలు దీని ఆకు తిని..."

"మోకాళ్ళ నొప్పులకు?"

"ఆ ఆకుల్లేని చెట్టు దేనికి?" ఇది ఇంకొకామె.

"అది ఎండకు తట్టుకోడానికి ఆకులు వదులుకుందమ్మా."

"అయ్యో పాపం," అంది ఆమె, నిజంగానే బాధపడి. దానికి కొంచెం పులిహోర పెడుతుందేమోనని భయపడ్డాను.

నా ఉపన్యాసం అలా ముక్కలు ముక్కలై పోయింది. పిల్లలేమో వానకాట్లోకి దూరి, ఫెర్నుల కింద వానలో తడుస్తూ గంతులేశారు. చీర ఆరేసిన అవ్వ నన్ను లాక్కుని తన ముందు కూర్చోబెట్టుకుంది. "తల ఇట్ట తడిగా ఉంటే జలుబు చేస్తాది బిడ్డా," అని తన పొడి కొంగుతో నా తల తుడవడం మొదలుపెట్టింది.

"ఒక్కదానివే ఉంటావా ఈడ?"

"ఊఁ," అన్నాను.

"భయమెయ్యదా?"

"లేదవ్వా."

"మాట్టాడేదానికి ఎవురుండారు?"

చెట్లున్నాయని చెబితే పిచ్చిదనుకుంటుంది. ఆమె జవాబు కోసం చూడలేదు. చిక్కు తీస్తూ, జడ వేస్తూ, తన కోడలి గురించి, తన ఆవు గురించి, కాలి నొప్పి గురించి చెబుతూ పోయింది. నా తల మీద ఇంకో మనిషి చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చింది. మహిసాక్షి వంక తదేకంగా చూస్తూ కూర్చున్నాను. మొక్కను గమనిస్తున్నానని ఎవరైనా అనుకోవాలని.

మధ్యాహ్నం దాటాక వాన తెరిపిచ్చింది. వాగు తగ్గిందని కబురొచ్చింది. చీరలు, తువ్వాళ్ళు తీసుకుని అందరూ బస్సెక్కారు. అవ్వ కిటికీలోంచి, "మా ఊరికి రా బిడ్డా!" అని అరిచింది. ఏ ఊరో చెప్పలేదు. నేను అడగలేదు. గేటు దగ్గర నిలబడి బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను. మలుపు తిరిగాక కూడా కొంచెం ఊపాను. వెనక్కి వచ్చి ఎడారిలో నిలబడితే, నేను ఆ తోటలో అన్ని నెలలు ఉన్నా, అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. గట్టు మీద విస్తళ్ళు, గోనెల మీద కూర్చున్న ఆనవాళ్ళు. ఊఁ అక్క విస్తళ్ళు ఏరుతోంది. నేను ఆమెతో పాటు ఏరాను.

మైకన్న కంకర సారుకు ఫోను చేసి తోట గురించి చాలా గొప్పగా చెప్పాడు. జనం సుఖంగా కూర్చున్నారని, ఎంత మందైనా పడతారని, గాలీ వెలుతురూ బాగుందని, నీళ్ళకు కరువు లేదని. అంతా చెప్పి, "సార్, పెండ్లిళ్ళకు ఇంతకంటే మంచి తావు ఈ రోడ్డులో లేదు," అన్నాడట. కంకర సారు ఆ మాట నాకు చెబుతూ నవ్వబోయి నవ్వలేకపోయాడు. "ఏం చేస్తాం పాపా. మనం అనుకున్నది ఒకటి, జనానికి నచ్చింది ఇంకొకటి." నన్ను మండపం మేనేజరుగా ఉండమన్నాడు. "నీకు మాట్టాడేది బాగా వచ్చు," అన్నాడు. ఆయన దగ్గర ఒక్క మనిషితో కూడా మాట్లాడని ఉద్యోగం చేసి ఆ మెప్పు సంపాదించింది నేనొక్కదాన్నే అనుకుంటాను. వద్దన్నాను. కానీ మొక్కలకు చోటు చూసేదాకా కదలనన్నాను. ఆయన దానికి ఒప్పుకుని, వ్యాను కూడా ఇచ్చాడు. ఎడారి మొక్కల్ని అనంతపురం పక్క ఒక బడి ఆవరణకు పంపాం. వానకాటి మొక్కలు పడమటి కనుమల కింద ఒక కాలేజీ తోటకు వెళ్ళాయి. మన శేషాచలం మొక్కల్ని మాత్రం దూరం పంపలేదు. కొండ అంచు పల్లెల్లో అడిగినవాళ్ళకు ఇచ్చాం. ఆ ఒక్కదానికి మాత్రం జనం క్యూ కట్టారు, ఊరికే కదా.

చివరి వ్యాను వెళ్ళాక నేను సంచీ సర్దుకుని బయలుదేరుతుంటే ఊఁ అక్క రైల్వే గేటు దాకా నాతో నడిచి వచ్చింది. ఆటో వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. "వస్తానక్కా," అన్నాను, ఊఁ కోసం చూస్తూ.

"రేపట్నుంచి నీ మాటలు ఇనపడవంటే ఎట్నో ఉండాది," అంది. "ఆ జమ్మి చెట్టు కత బాగా సెప్తా ఉంటివి. ఒంటెల దగ్గర నవ్వొచ్చేది నాకు."

అంతే. ముసుగు సర్దుకుని వెనక్కి తిరిగి నడిచింది. ఇన్ని నెలలూ కలుపు తీస్తూ ఆమె అన్నీ వింటోందని నాకు తెలియదు. తెలిస్తే ఆమె వైపు తిరిగి చెప్పేదాన్ని. ఆటోవాడు, "యాడికి మేడమ్?" అని రెండుసార్లు అడిగేదాకా ఆమె వెళ్ళిన దారే చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు నేను చిత్తూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. నా ఎదురుగా గది నిండా పిల్లలుంటారు. ఇల్లు చేరితే ఇంటి నిండా మనుషులు. ఒంటరిగా ఓ గంట దొరికితే బాగుండుననిపించే వయసు వచ్చింది. అయినా అప్పుడప్పుడు, ముఖ్యంగా ఎండాకాలం మధ్యాహ్నాల్లో, తోటలో వెనక్కి నడుస్తూ గాలికి జాగ్రత్తలు చెప్పే ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. ఎవరైనా నాకు ఒక్క పూట ఆ రోజుల్లోకి వెళ్ళి వచ్చే వరమిస్తే, ఆ గేటు ముందు దిగి టిక్కెట్టు కొనుక్కుంటాను. ఆ పిల్ల కంగారుపడి మాటలు తడబడుతుంది, పడనీ. ఆమె చెప్పేవన్నీ నాకు తెలిసినవే. అయినా ఏమీ తెలియని మొహం పెట్టుకుని, ప్రతి చెట్టు దగ్గరా ఆగుతాను. "అవునా పాపా? ఇంగేముండాయి, సెప్పు," అంటాను. సాయంత్రం గేటు మూసేదాకా అక్కడే ఉంటాను.